ఆకుకు చిక్కిన తేనెటీగ: రెండు డ్రోసెరా మొక్కల మీద ఒక సీజన్ కేస్ స్టడీ

ఈ కేసు ఒక చచ్చిన తేనెటీగతో మొదలైంది. బియ్యపు గింజలో సగం ఉంటుందేమో, నల్లగా ఉంది. జిగురు ఆకులతో పురుగుల్ని పట్టి తినే డ్రోసెరా ఇండికా అనే మొక్క ఆకు కొస దాని మీదికి కొద్దిగా వంగి ఉంది. ఎర్రటి టెంటకిల్స్, అంటే కొసన జిగురు బొట్టుండే వెంట్రుకలు, ఒక రెక్కను అదిమి పట్టుకున్నాయి, రెండో రెక్క జిగురులో తడిసి ఒంటికి అతుక్కుపోయింది. సరిగ్గా దాని పైన, రెండంగుళాల ఎత్తులో, అదే మొక్క గులాబి రంగు పువ్వు విచ్చుకుని ఉంది. నాతో వచ్చిన బీఎస్సీ రెండో సంవత్సరం అమ్మాయి లెన్స్ కింద పెట్టకుండానే అడిగేసింది: "మేడమ్, పెళ్ళికి పిలిచి వచ్చిన చుట్టాన్నే తినేసిందా ఇది?"

క్లాసులో అయితే రెండు నిమిషాల్లో జవాబు చెప్పేసేదాన్ని. కీటకాహార మొక్కలకు పురుగులు రెండు పనులకు కావాలి, తిండికీ, పరాగ సంపర్కానికీ. కాబట్టి పూలను ఉచ్చులకు దూరంగా పెట్టుకుంటాయి అని. ఇన్నేళ్ళూ బోర్డు మీద ఒక మొక్క బొమ్మ వేసి, పొడుగ్గా పూకాడ గీసి, అదే చెప్పాను. మోకాళ్ళ మీద బురదలో కూర్చుని ఆ తేనెటీగను చూస్తుంటే మాత్రం ఆ జవాబు నోటికి రాలేదు. ఈ మొక్క పూలను దూరంగా ఏమీ పెట్టుకోలేదు మరి.

స్థలం, మొక్కలు

ఉత్తరాంధ్రలో ఒక పాత చెరువుకు ఎగువన ఉన్న మెరక అది. ఊరి పేరు కావాలనే రాయడం లేదు. ఇలాంటి మొక్కలున్న చోటు బయటపడితే పీక్కెళ్ళేవాళ్ళు తయారవుతారు. పీకి తెచ్చినదాన్ని మామూలు మట్టిలో పెట్టి కుళాయి నీళ్ళు పోస్తే ఎన్నాళ్ళో బతకదు కూడా.

ఎర్ర కంకర మీద పలచగా ఇసుక. వానాకాలం వెళ్ళేటప్పుడు కింద నుంచి ఊట వచ్చి నేల చెమ్మగా మెరుస్తుంటుంది. సారం నిలవని నేల, గడ్డి కూడా బెత్తెడు మించి ఎదగదు. నత్రజని నేలలో చాలినంత దొరకదు కాబట్టే ఈ మొక్కలు దాన్ని పురుగుల్లోంచి తీసుకుంటాయి. పక్కనే యుట్రిక్యులేరియా అనే ఇంకో కీటకాహార మొక్క కూడా ఉంది. దాని ఉచ్చులు తడి మట్టి లోపల, పువ్వు పైన గాలిలో. పువ్వు మీద వాలే ఈగ ఆ ఉచ్చు మొహం చూసే అవకాశమే లేదు కనుక దాన్ని ఈ పనిలోకి తీసుకోలేదు.

మేం తీసుకున్నవి రెండు డ్రోసెరాలు. బర్మనై నేలకు అంటుకుని ఉంటుంది, పాత రూపాయి బిళ్ళంత ఆకుల గుత్తి. మధ్యలోంచి సన్నటి పూకాడ లేస్తుంది, ఏపుగా ఉన్న మొక్కలో జానెడు దాకా పోతుంది, దాని మీద తెల్ల పూలు. ఆకు అంచున ఉండే పొడవాటి టెంటకిల్స్ పురుగు తగిలిన కొద్ది సెకన్లకే లోపలికి మడుచుకుంటాయి. డ్రోసెరా అంటే నింపాదిగా పని చేసే మొక్క అని పుస్తకంలో చదివొచ్చిన పిల్లలు దీన్ని చూసి అదిరిపోయారు. ఇండికా తీరు వేరు. నిలువుగా ఎదుగుతుంది, కాండం పొడవునా సన్నటి జిగురు ఆకులు, వాటి మధ్యలోంచే పూకాడలు, గులాబి పూలు. బర్మనైలో వంటిల్లూ వాకిలీ వేరు వేరు, ఇండికాలో రెండూ ఒకే గది.

రెండూ ఏకవార్షికాలే. వానతో మొలిచి, నేల ఎండేలోపు గింజ రాల్చి పోతాయి.

ఏం తేలితే "తినేసింది" అనాలి

బయల్దేరే ముందు ఒక పూట కూర్చుని ప్రశ్నను విడగొట్టాం. ఈ కేసులో అన్నిటికంటే పనికొచ్చింది ఆ పూటే అని ఇప్పుడు అనిపిస్తుంది. తనకు పుప్పొడి మోసే పురుగును మొక్క తినేస్తోంది, దానివల్ల నష్టపోతోంది అనాలంటే మూడు విషయాలు తేలాలి. ఆకుకు చిక్కే రకం పురుగే పూల మీదికి కూడా వస్తుండాలి. వచ్చేదాని ఒంటి మీద ఆ మొక్క పుప్పొడి ఉండాలి. ఆ పురుగు లేకపోతే గింజలు తగ్గాలి. మొదటిది కనపడగానే కథ అల్లేసి ఆగిపోవడం చాలా సులువు. ఆకు మీద తేనెటీగ ఫొటో ఒక్కటి చాలు, జనం మిగతాదంతా ఊహించేసుకుంటారు.

తిండికీ గింజకూ ఉన్న సంబంధం కొత్త సంగతేమీ కాదు. చార్లెస్ డార్విన్ 1875లో కీటకాహార మొక్కల మీద పుస్తకం వేశాడు, అందులో డ్రోసెరాదే పెద్ద పీట. పురుగు తినడం వల్ల మొక్కకు ఒరిగేదేమిటో గట్టిగా చూపించింది మాత్రం ఆయన కొడుకు ఫ్రాన్సిస్. కొన్ని డ్రోసెరా మొక్కలకు మాంసం ముక్కలు పెట్టి, కొన్నిటిని పస్తుంచి, 1878లో ఫలితం ప్రచురించాడు: తిండి పెట్టిన వాటికి పూకాడలూ ఎక్కువే, గింజలూ ఎక్కువే. అంటే ఆకు పట్టే ప్రతి పురుగూ చివరికి గింజల లెక్కలోకే వస్తుంది. పువ్వు మీదికి రావాల్సిన పురుగును ఆకు పట్టేస్తే ఒక చేత్తో ఇచ్చి ఇంకో చేత్తో తీసుకున్నట్టే. అందుకే ఏం తేల్చాలన్నా కాయ కోసి గింజలు లెక్కపెట్టక తప్పదని పిల్లలకు గట్టిగా చెప్పాను. దానికి వాళ్ళు తర్వాత నన్ను చాలా తిట్టుకున్నారు.

మొదటి రెండు ట్రిప్పులు వృథా

కాలేజీ నుంచి బయల్దేరి, బస్సు దిగి, నడిచి, మేం అక్కడికి చేరేసరికి పదకొండున్నర దాటేది. గంటసేపు కూర్చుంటే పూల మీద ఒక్క ఈగ వాలలేదు. రెండోసారీ అంతే, పైగా ఆ రోజు మబ్బు. "పురుగులేవీ రావడం లేదు" అని నోట్‌బుక్‌లో రాసేసుకున్నాం కూడా.

అక్కడ గొర్రెలు మేపే తాత మమ్మల్ని రెండుసార్లూ చూసి, మూడోసారి ఉండబట్టలేక అన్నాడు: "ఈ వేళకి వస్తే ఏటుంటాదమ్మా? అది పొద్దున్న పూస్తాది, అన్నాల వేళకి ముడుసుకుపోద్ది." డ్రోసెరా పువ్వు ఒక్క రోజు, అదీ ఎండ ఉన్న కొన్ని గంటలే విచ్చుకుని ఉంటుందని నాకు తెలియనిది కాదు. తెలిసి కూడా బస్సు టైముకే వెళ్ళాను. ఆ తర్వాత ఆరింటి బస్సు ఎక్కడం మొదలుపెట్టాం. ఎండ బాగా ఉన్న రోజుల్లో ఎనిమిదిన్నర ప్రాంతంలో పూలు విచ్చేవి, మధ్యాహ్నానికల్లా మూసుకునేవి. వచ్చే పురుగులన్నీ ఆ మధ్యలోనే. ఉచ్చు మాత్రం రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. కాలంలో కూడా పువ్వుకూ ఉచ్చుకూ ఇంత తేడా ఉందన్న సంగతి మాకు ఆ తాత మాటతోనే తట్టింది. బోర్డు మీద నేను గీసిన బొమ్మలో దూరం ఉంది గానీ గడియారం లేదు.

సంచులు, సూదులు

పురుగులు రాకపోతే గింజలు పడతాయా లేదా తెలియాలంటే మొగ్గ దశలోనే పువ్వుకు తొడుగు వేయాలి. పుస్తకాల్లో చెప్పే నైలాన్ సంచులు మా దగ్గర లేవు. పెళ్ళిళ్ళలో రిటర్న్ గిఫ్టులకు ఇచ్చే జాలీ సంచులు ఉంటాయి కదా, పిల్లల ఇళ్ళల్లోంచి అవే ఏరుకొచ్చారు. మొదటి వారం అన్నీ పాడయ్యాయి. రాత్రి మంచుకు సంచి తడిసి బరువెక్కి, పూకాడ వంగి, బర్మనై పువ్వు వెళ్ళి తన ఆకుల మీదే పడుకుంది. ఇండికాలో సంచి పక్క ఆకుల జిగురుకు అతుక్కుని, విడదీస్తే ఆకుతో సహా వచ్చింది. తర్వాత కొబ్బరి ఈనె ఒకటి పక్కన గుచ్చి, సంచి బరువంతా దాని మీద పడేలా కట్టాం. ఇండికాకు సంచి నోరు చిన్నది చేసి ఒక్క మొగ్గకే వేశాం. అప్పుడు నిలబడ్డాయి.

ఒక్కో జాతిలో మూడు రకాల పూలు పెట్టుకున్నాం. పన్నెండు పూలకు సంచి కట్టాం, పన్నెండు అలాగే వదిలేశాం. ఇంకో ఎనిమిదింటికి కేసరాలు తీసేసి, సంచి కట్టకుండా వదిలాం. సొంత పుప్పొడి లేదు కాబట్టి వాటికి కాయ పడితే పుప్పొడి బయటి నుంచి వచ్చినట్టే. పువ్వుకు కేసరాలు అయిదే, కానీ పువ్వు మొత్తం చిటికెన వేలి గోరంత. విచ్చుకున్న వెంటనే, పుప్పొడి రాలకముందే, డిసెక్షన్ సూదితో ఒక్కొక్కటీ లాగేయాలి. నా చేత కాలేదు, చత్వారం. అబ్బాయిలకు చెయ్యి వణికింది. ఇంట్లో బ్లౌజులకు మగ్గం వర్క్ చేసే ఒకమ్మాయి మాత్రం ఊపిరి బిగబట్టి పదహారూ తీసేసింది.

ఆకుల మీద చిక్కినవాటిని రోజు విడిచి రోజు సూదితో తీసి, స్పిరిట్ సీసాల్లో వేశాం. మొక్క దేన్నీ పీకలేదు.

సూక్ష్మదర్శిని కింద

డ్రోసెరా పుప్పొడిలో మాకు బాగా కలిసొచ్చిన గుణం ఒకటుంది. అది విడి రేణువులుగా రాదు. నాలుగేసి రేణువులు అతుక్కుని, నాలుగు బూందీ గింజలు పాకంలో అంటుకున్నట్టు, ఒకే ముద్దగా వస్తుంది. శాఫ్రనిన్ అనే ఎర్ర రంగు వేసి చూస్తే కొత్తవాళ్ళు కూడా గుర్తుపట్టేస్తారు. ఆ చుట్టుపక్కల పూస్తున్న గడ్డి, ఇతర చిన్న మొక్కల పుప్పొడి స్లైడ్లు కూడా చేసి పోల్చుకున్నాం. నాలుగేసి ముద్దగా ఉన్నది డ్రోసెరా ఒక్కటే.

ఇక మొదటి రోజు తేనెటీగ. దాని కాళ్ళూ పొట్టా కడిగిన నీటిని స్లైడ్ మీద వేసి చూశాం. పుప్పొడి బోలెడు ఉంది. అన్నీ విడి రేణువులే. స్లైడ్‌ను పది చోట్లకు తిప్పి చూసినా ఒక్క నాలుగు గింజల ముద్ద కనపడలేదు. ఎక్కడో వేరే పూల మీద పని చూసుకుని, ఈ మొక్క పక్కగా పోతూ చిక్కుకున్నట్టుంది. చుట్టమూ కాదు, పెళ్ళికీ రాలేదు. ఆ అమ్మాయి మొహం చిన్నబోయింది. నాకు మాత్రం సీజన్ మొత్తంలో నచ్చిన స్లైడ్ అదే.

పూల మీదికి నిజంగా వచ్చినవి ఏమిటంటే: ఒంటి మీద పసుపు చారలుండే హోవర్ ఫ్లైలనే చిన్న ఈగలు, అవి ఎక్కువ, అప్పుడప్పుడూ చిన్న తేనెటీగలు, పూల లోపల త్రిప్స్ (తామర పురుగులు). హోవర్ ఫ్లైలు రెండింటిని గ్లాసు బోర్లించి పట్టి, మూతి, కాళ్ళు బ్రష్‌తో తుడిచి వదిలేశాం. రెండింటి మీదా నాలుగు గింజల ముద్దలు కనపడ్డాయి. పుప్పొడి మోసేది ఎవరో ఆ మేరకు తేలింది.

ఆకుల మీద చిక్కినవాటి సంగతి మొక్కను బట్టి మారింది. బర్మనైలో దాదాపు అన్నీ నేల మీదా నేలను ఆనుకునీ తిరిగేవే: చీమలు, తడి మట్టి మీద గెంతే నలుసంత స్ప్రింగ్‌టెయిల్స్, నుసుములు. సీజన్ అంతా ఒక్క హోవర్ ఫ్లై లేదు. ఇండికాలో ఎగిరేవి ఎక్కువ: దోమల్లాంటి సన్న ఈగలు, దీపపు పురుగుల సైజు పచ్చదోమలు, ఒకట్రెండు చిన్న రెక్కల పురుగులు, హోవర్ ఫ్లైలు మూడు. ఆ మూడింటిలో ఒకదాని మీద డ్రోసెరా పుప్పొడి ఉంది. అంటే ఇండికా తన పుప్పొడి మోసేవాణ్ణి అప్పుడప్పుడూ పట్టుకుంటున్న మాట నిజమే. వంటిల్లూ వాకిలీ ఒకటే అయితే అలాగే అవుతుంది మరి.

గింజలు

కాయలు ముదిరాక కోసి, తెల్ల కాగితం మీద పగలగొట్టి, తడిపిన టూత్‌పిక్‌తో పదేసి చొప్పున పక్కకు జరుపుతూ లెక్కపెట్టాం. ఆవగింజ పక్కన పెడితే ఇవి నలుసులు. ఫ్యాన్ వేస్తే ఎగిరిపోతాయి, వేయకపోతే చెమట చుక్క పడి అతుక్కుంటాయి. రెండు సాయంత్రాలు అలా గడిచాయి.

బర్మనైలో సంచి కట్టిన పన్నెండు పూలల్లో ఒకటి గొర్రె పాలైంది, మిగతా పదకొండూ కాయలయ్యాయి. ఇండికాలో పన్నెండుకు పదకొండు. వదిలేసిన పూలదీ అదే తీరు. కాయలోని గింజల్లో కూడా సంచి కట్టినవాటికీ కట్టనివాటికీ చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. పువ్వు మధ్యాహ్నం మూసుకునేటప్పుడు కేసరాలు పుప్పొడి అందుకునే కీలాగ్రాలకు ఒరుసుకుంటాయి, పుప్పొడి అక్కడే అంటుకుంటుంది. పురుగు వచ్చినా రాకపోయినా సాయంత్రానికి పని అయిపోతుంది. కేసరాలు తీసేసిన ఎనిమిదేసి పూలల్లో బర్మనైలో ఒకటి, ఇండికాలో రెండు కాయలయ్యాయి, అవీ సగం సగం గింజలతో. బయటి పుప్పొడి కొద్దిగానైనా అందుతోందనడానికి అది ఆధారమే. సూది తగిలి రాలిన సొంత పుప్పొడి వల్ల పడి ఉండొచ్చనే అనుమానం కూడా నాకుంది. దాని మీద ఎక్కువ బరువు పెట్టను.

కాబట్టి మా మూడు షరతుల్లో ఇండికా మొదటి రెండూ దాటింది, మూడో దాని దగ్గర ఆగిపోయింది. పురుగును తిన్నది, గింజ తగ్గలేదు. వానకు మొలిచి నేల ఎండేలోపు పోయే మొక్క, ఈగ వస్తుందో రాదో అని ఎదురుచూస్తూ కూర్చోలేదు. జపాన్‌లో ఇండికాకు దగ్గరి బంధువైన డ్రోసెరా మకినోయ్ మీద 2018లో వచ్చిన పరిశోధనలోనూ ఇదే జంట కనపడుతుంది: పూల మీదికి వచ్చేవాటిని ఆకులు పట్టుకుంటున్నాయి, మొక్క తన పుప్పొడితో తానే గింజ కట్టుకుంటోంది.

మరి పొడుగు పూకాడ ఎందుకు?

బర్మనై దగ్గర నన్ను ఇబ్బంది పెట్టిన లెక్క ఇది. ఆకు మీది టెంటకిల్ పొడవు కొన్ని మిల్లీమీటర్లు. పువ్వు రెండు సెంటీమీటర్ల ఎత్తులో ఉన్నా దాని మీద వాలిన ఈగకు ఆ జిగురు అందదు. ఈగను కాపాడ్డానికే అయితే జానెడు ఎత్తు ఎందుకు? దక్షిణాఫ్రికాలో బ్రూస్ ఆండర్సన్ ఇదే ప్రశ్న వేసి 2010లో ప్రచురించారు. పొడుగు పూకాడ ప్రధానంగా పురుగుల కంట పడటానికే కావచ్చు, వాటిని ఉచ్చు నుంచి తప్పించడానికి అనుకోనక్కర్లేదు అన్నది ఆయన తేల్చిన విషయం. మా చెరువు దగ్గర గడ్డి బెత్తెడు ఉంటుంది. గడ్డి లోపల పూస్తే ఎవరు చూస్తారు? నాకు ఆండర్సన్ మాటే సబబుగా అనిపించింది. ఇన్నేళ్ళు బోర్డు మీద నేను గీసిన బొమ్మ తప్పు కాదు, దాని పక్కన రాసిన కారణం తొందరపాటు.

ఎత్తు పనిచేయదని కాదు. ఆకులు మూసి పురుగుల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్ విషయం చూడండి. అమెరికాలో నార్త్, సౌత్ కరోలినాల్లో విల్మింగ్టన్ చుట్టుపక్కల తప్ప అది సహజంగా ఇంకెక్కడా పెరగదు. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఎల్సా యంగ్‌స్టెడ్ బృందం 2018లో దాని లెక్క తేల్చింది. పూల మీద సుమారు వంద రకాల కీటకాలు, సాలీళ్ళు దొరికాయి. వాటిలో పుప్పొడి బాగా మోసేవి మూడే: స్వెట్ బీ అనే ఒక ఆకుపచ్చ చిన్న తేనెటీగ, రెండు రకాల పెంకు పురుగులు. రెండు వందలకు పైగా ఉచ్చులు తెరిచి చూస్తే ఆ మూడూ ఒక్కదానిలోనూ లేవు. పూల మీద మాత్రమే దొరికిన రకాల్లో 87 శాతం ఎగరగలిగేవి, ఉచ్చుల్లో మాత్రమే దొరికినవాటిలో ఎగరగలిగేవి 20 శాతమే. ఉచ్చులు నేల మీద, పువ్వు అడుగెత్తు దాకా కాడ మీద. నడిచి వచ్చేది తిండి, ఎగిరి వచ్చేది అతిథి. మా బర్మనై సీసాలు కూడా చిన్న స్థాయిలో ఇదే చెప్పాయి.

ఎత్తు కాక రంగు, వాసన కూడా ఉంటాయి. న్యూజిలాండ్‌లో 2016లో మూడు డ్రోసెరాల మీద జరిగిన పనిలో డ్రోసెరా ఆరిక్యులేటాకు పువ్వు వాసన వేరు, ఉచ్చు వాసన వేరు అని తేలింది. ఇండికాలాగే దానికీ కాండం పొడవునా ఉచ్చులే. మా ఇండికా కూడా వాసనతో ఏమైనా చేస్తోందేమో చూడ్డానికి కావలసిన పరికరాలు మా డిపార్ట్‌మెంట్‌లో లేవు, వచ్చే ఆశా లేదు.

ఈ కేసులో లోటుపాట్లు

ఒకే చోటు, ఒకే సీజన్, గుప్పెడు పూలు. పురుగుల్ని జాతి దాకా గుర్తించలేకపోయాం. "అదే రకం హోవర్ ఫ్లై" అని నేను రాసింది కంటి అంచనా. అన్నిటికంటే పెద్ద లోటు ఇంకొకటి: గింజల సంఖ్య చూశాం గానీ గింజల నాణ్యత చూడలేదు. సొంత పుప్పొడితో ఏళ్ళ తరబడి గింజ కడితే మొక్కల్లో వైవిధ్యం సన్నగిల్లుతుంది. ఈగ తెచ్చే ఆ కొద్దిపాటి బయటి పుప్పొడి విలువ తెల్ల కాగితం మీద కనపడదు. చిక్కిన మూడు ఈగల నష్టం అక్కడేమైనా ఉందేమో. సంచి కట్టిన కాయల గింజలు, కట్టనివాటి గింజలు వేర్వేరు పొట్లాల్లో కట్టి దాచాం. వచ్చే వానల్లో ఆ నేల మీదే గీత గీసి చల్లి, ఎన్ని మొలుస్తాయో, మొలిచినవి పూత దాకా ఎన్ని నిలుస్తాయో చూడాలి.

మొదటి రోజు తేనెటీగ మా ల్యాబ్‌లో చిన్న సీసాలో ఉంది. దొరికిన రోజు సాయంత్రం పిల్లలు చీటీ మీద "పరాగ సంపర్కకారి, ఆకుకు చిక్కినది" అని రాసి అతికించారు. స్లైడ్ చూశాక ఆ అమ్మాయే వచ్చి మొదటి రెండు మాటలు కొట్టేసింది. కొత్త చీటీ రాస్తానంటే నేనే వద్దన్నాను.